నూతిగట్టు కొట్లాట ఆడిన ఆడవాళ్లం

మా పక్క వీధి అమ్మాయి ఒకతె నాటకాల్లో చేరింది. స్టేజీ మీద కొట్టుకునే సీన్లు నేర్పమని నా దగ్గరకొచ్చింది. "ఎలా కొడితే నిజంలా ఉంటుందండీ?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. అది విన్నాక నాలుగు రోజులు నాకు మనసు కుదురుగా లేదు. నోటితో చెబితే సగం మింగేస్తానని తెలుసు. అందుకే రాస్తున్నాను.

నా పేరు కరుణమ్మ. పుట్టింది రాజోలు పక్కన. డెబ్బైల్లోనూ ఎనభైల్లోనూ కోనసీమంతా తిరిగిన ఒక డేరా నాటకాల కంపెనీలో పనిచేశాను. స్టేజీ మీద ఇంకో ఆడదానితో జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకోవడం నా పని. మా చర్చిలో చాలామంది నవ్వేవారు, కొందరు మొహం తిప్పుకునేవారు. కానీ అదీ పనే. టీచరు పనిలాగే దానికీ పద్ధతి ఉంది, పద్ధతి తప్పితే మనిషి దెబ్బతింటుంది. నా వల్ల ఒక మనిషి దెబ్బతింది. ఆ సంగతి దాచి ఈ పని గురించి ఇంకేం చెప్పినా దండగ.

పడటం నేర్చుకోవడం

మా మేనమామ అమలాపురంలో తాలింఖానా నడిపేవాడు. కర్రసాము, కుస్తీ నేర్పేవాడు. ఆడపిల్లలను లోపలికి రానిచ్చేవారు కాదు. అత్తయ్య పంపిన క్యారియరు ఇచ్చే వంకతో గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఇంటికొచ్చి పెరట్లో ఇసుక మీద పడటం సాధన చేసేదాన్ని. ఒకరోజు మామయ్య చూశాడు. తిడతాడనుకున్నాను. "గెడ్డం లోపలికి పెట్టి పడవే, మెడ పోద్ది" అని చెప్పి లోపలికెళ్లిపోయాడు. ఆయన నాకు నేర్పింది అంతే.

ఆ ఒక్క విద్యతో కంపెనీలో చేరాను. యజమాని నరసింహంగారిది రామచంద్రపురం. మా కంపెనీకి బాగా పేరు తెచ్చింది ఇద్దరు తోడికోడళ్ల నాటకం. అందులో రెండో అంకం చివర కోడళ్లిద్దరూ నూతిగట్టు దగ్గర కలబడతారు. నుయ్యి అంటే చెక్కలు గుండ్రంగా బిగించి సున్నం పూసిన గట్టు, అంతే. కలబడటం పది పన్నెండు నిమిషాలు సాగేది. పెద్ద కోడలు చిన్న కోడలిని కింద పడేస్తుంది, అత్తగారు వచ్చి విడదీస్తుంది. పెద్ద కోడలు సువర్ణ, చిన్న కోడలిని నేను.

సువర్ణది ముక్తేశ్వరం. నాకన్నా రెండేళ్లు పెద్ద. మొదటి రిహార్సల్లో నేను ఉత్సాహం కొద్దీ ఆమె జుట్టు పట్టుకుని నిజంగానే లాగేశాను. ఆమె అరవలేదు. నా చెయ్యి మెల్లగా విడిపించుకుని చెప్పింది.

"పిడికిలి ఖాళీగా మూసి నా మాడు మీద ఆనించు. నీ మణికట్టు నేను రెండు చేతులతో పట్టుకుంటాను. ఎటెళ్లాలో నేనెళ్తాను, నువ్వు నా వెనకాల రా. చూసేవాళ్లకి నువ్వు ఈడుస్తున్నట్టుంటాది. ఈడ్చేది నువ్వు కాదే, నేను."

చెంపదెబ్బ కూడా అంతే. చప్పుడు కొట్టినదాని చేతిలోంచి రాదు. దెబ్బ తిన్నది మొహం తిప్పుతూ గుండెల దగ్గర తన అరచేతులే చరుచుకుంటుంది. కొట్టేదానికి పేరొస్తుంది కానీ పనంతా దెబ్బ తినేదాని చేతిలో ఉంటుంది. ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలు మొదట తెలుసుకోవలసింది ఇదే.

ఇంకొకటి కూడా సువర్ణే నేర్పింది. జుట్టు పట్టినప్పుడు ఎదుటిమనిషి చేతులు మన మణికట్టు మీద ఉంటాయి కదా. ఒకసారి నొక్కితే అంతా బాగానే ఉంది, సాగించు అని. రెండుసార్లు నొక్కితే ఎక్కడున్నా, జనం ఎంత అరుస్తున్నా ఆపెయ్యి అని. నాలుగేళ్లలో మాకు రెండు నొక్కులు వాడే అవసరం రెండు మూడుసార్లకు మించి రాలేదు. ఒకసారి నా గాజు పగిలి చేతిలో గుచ్చుకుంది. ఇంకోసారి ఆమెకు కళ్లు తిరిగాయి. నొక్కగానే విడిపోయి, తిట్లతో నెట్టుకొచ్చేశాం. ఎవరికీ తెలియలేదు.

ఎవరికేం కావాలో

ఒకే కొట్లాట అన్ని ఊళ్లలోనూ ఒకలా పండదు. జనానికి ఆడవాళ్ల కొట్లాట ఇష్టమని నరసింహంగారు అనేవారు. అది సగమే నిజం. దాంట్లో ఎవరి ఇష్టం వారిది.

కొత్తపేటలో ఒక రిటైరైన తెలుగు పండితులు ఉండేవారు. ప్రతి ఆటకీ వచ్చి మర్నాడు కార్డు రాసేవారు. ఆయనకు దెబ్బలతో పని లేదు, తిట్లు కావాలి. "చిన్న కోడలు తడబడి తిట్టినది. తిట్టు తూకముగా పడవలెను" అని రాసేవారు. ఆయన వల్లే నా ఉచ్చారణ బాగుపడింది.

ఓడలరేవు వైపు నుంచి పడవల మీద బతికేవాళ్లు గుంపుగా వచ్చేవారు. వాళ్లకు తూకం కావాలి. ఇద్దరూ సమానంగా పెనుగులాడాలి, కాళ్లు నిలదొక్కుకోవాలి. రోజూ తాళ్లు లాగే చేతులు వాళ్లవి. ఎక్కడ బలం ఉందో, ఎక్కడ లేదో ఇట్టే పట్టేసేవారు. నేను తేలిగ్గా పడిపోతే "అలా పడతారేటమ్మా, కాలు అడ్డేసుకోవద్దా?" అని ఆటయ్యాక చెప్పి మరీ వెళ్లేవారు.

ముందు చాపల మీద కూర్చునే ఆడవాళ్లకు న్యాయం కావాలి. ఎవరిది తప్పు, ఎవరు ముందు మాటన్నారు, అత్తగారు ఎవరి పక్షం అన్నదే వాళ్లకు ముఖ్యం. "చిన్నదాన్ని అలా కొట్టకమ్మా, దానికి తల్లి లేదు కదా" అని ఒకావిడ సువర్ణను బస్టాండులో పట్టుకుని మందలించింది.

చీర ఎక్కడ జారుతుందా అని వచ్చేవారూ ఉండేవారు. లేరంటే అబద్ధం. వాళ్ల కోసం మేం చీరకు పది పిన్నులు పెట్టి, లోపల మోకాళ్ల దాకా బిగుతు లాగులు కుట్టించుకున్నాం. వాళ్లను నేను తిట్టను, గౌరవించను కూడా. ఏమీ దొరకదని తెలిశాక సగంమంది రావడం మానేశారు. మిగతా సగంమంది కథలో పడ్డారు.

తర్వాత ఎనభైల్లో వీడియోలు వచ్చాయి. అమలాపురం నుంచి ఒకాయన కెమెరాతో వచ్చి, నాటకం అక్కర్లేదు, కొట్లాట ఒక్కటే కావాలన్నాడు. మాటలెక్కువున్నది ఒకటి, పెనుగులాట ఎక్కువున్నది ఒకటి, చీరలు చిరిగేది ఒకటి, విడివిడిగా తీస్తానన్నాడు. మేం ఒప్పుకోలేదు. డేరాలో పండితులుగారి పక్కనే పడవ మనిషి, ఆయన ముందు చాప మీద ముసలమ్మ. ఒకరి ఇష్టం ఇంకొకరి ఇష్టాన్ని అదుపులో పెట్టేది. ఎవరికి కావలసిన ముక్క వాళ్ల గదిలోకి వెళ్లిపోతే ఆ అదుపు ఉండదని నాకనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

రామలింగంగారు

అందరికన్నా నన్ను భయపెట్టిన అభిమాని మాత్రం చాలా మర్యాదస్తుడు. రామలింగంగారు రాజోలులో కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. తెల్ల పంచె, నుదుటి మీద చిన్న బొట్టు. ఒక్క వెకిలి చూపు చూసినవారు కారు. ఎప్పుడూ మొదటి వరుసలో కుర్చీ. కొట్లాట మొదలవగానే ముందుకు వంగేవారు, అయిపోగానే వెనక్కి వాలి తల అడ్డంగా ఊపేవారు.

ఒకరోజు డేరా వెనక్కి వచ్చి చేతులు జోడించారు.

"బాగా చేస్తున్నారండీ. కానీ ఉత్తుత్తిదేనండి. ఎప్పుడైనా ఒక్కసారి నిజంది చూడాలని ఉందండీ. మీ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం రాదాండీ?"

"రాదండి" అంది సువర్ణ.

"ఆయ్" అన్నారాయన, ఎంతో నిరాశగా.

ఆయన వెళ్లాక సువర్ణ నవ్వలేదు. "ఈయనకి మన కొట్లాట అక్కర్లేదే. మన చెడు కావాలి" అంది.

ఆ సంవత్సరం మాకు జనం పలచబడ్డారు. మేమెక్కడ డేరా వేసినా ఆ ఊళ్లో కొత్త సినిమా ఉండేది. నరసింహంగారికి నిద్ర పట్టేది కాదు. రామలింగంగారు ఆయనతో రెండు మూడుసార్లు విడిగా మాట్లాడటం చూశాం. ఏం మాట్లాడారో మాకు తెలియదు.

మూడు గంటల ఆట

రాజోలు తిరునాళ్లలో మధ్యాహ్నం మూడు గంటల ఆట. పొద్దున్న టిఫిను అయ్యాక నరసింహంగారు నన్ను పక్కకు పిలిచారు.

"కరుణా, ఇవాళ నువ్వు గెలవాలమ్మా. నీ ఊరు కదా, మీవాళ్లంతా వచ్చేరు. సువర్ణతో చెప్పేను, సరేనంది. కాస్త బెట్టు చేస్తాది, నువ్వు మాత్రం లొంగకు."

"ఆయ్" అన్నాను. సంబరంగానే ఉంది. ఆయన వెళ్లబోయి ఆగారు.

"ఇంకో మాట. చెప్పకూడదు గానీ... 'నేను పడేస్తే పడటం తప్ప ఆ పిల్లకేం వచ్చు' అందమ్మా సువర్ణ. మనసులో పెట్టుకోకు."

పెట్టుకున్నాను. ఆయన అన్నది అందుకే.

ఆటకు ముందు నేనూ సువర్ణా ఒకే అద్దంలో చూసుకుంటూ అరగంట రంగు వేసుకున్నాం. చెయ్యి చాపితే అందే దూరం. "నువ్వా మాటన్నావా?" అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆమె కూడా ఎందుకో ముభావంగా ఉంది. అది గర్వమనుకున్నాను. నా పదమూడేళ్ల పనిలో నేను చేసిన పెద్ద తప్పు స్టేజీ మీద జరగలేదు, ఆ అరగంటలో జరిగింది.

డేరా కిటకిటలాడుతోంది. గుడ్డలోంచి ఎండ పచ్చగా దిగుతోంది, లోపల ఉక్క. మా అమ్మ చాప మీద ముందు కూర్చుంది. తిట్లు అయ్యాయి. కలబడ్డాం. జుట్టు పట్టుకున్నాను. సువర్ణ నా మణికట్టు పట్టుకుంది. ఒకసారి నొక్కింది, అంతా బాగుందని. నూతిగట్టు దాకా వచ్చాం. నేను పడవలసిన చోటు అదే. పడలేదు.

"పడు" అంది సువర్ణ పళ్ల మధ్యనుంచి.

"నువ్వే పడు" అన్నాను.

ఆమె కళ్లల్లో ఆశ్చర్యం కనిపించింది. అది బెట్టు అనుకున్నాను. ఆమె కాలు అడ్డేసింది, నేను దాటాను. నా పిడికిలి ఖాళీగా లేదు. వేళ్ల మధ్య నిజంగా జుట్టు ఉంది. అప్పటిదాకా ఈలలు, నవ్వులు ఉన్న డేరాలో చప్పుడు మారింది. మొదటి వరుసలో రామలింగంగారు లేచి నిలబడ్డారు.

అప్పుడు సువర్ణ నా మణికట్టు నొక్కింది. ఒకటి. రెండు.

నాకు తెలిసింది. గుడ్డ మీద రంగు పడ్డంత స్పష్టంగా తెలిసింది. చెయ్యి ఒక్క క్షణం వదులైంది కూడా. 'పడటం తప్ప దానికేం వచ్చు' అన్న మాట చెవిలో వినబడింది. మళ్లీ బిగించి నెట్టాను.

సువర్ణ గట్టు మీదుగా వెనక్కి పడింది. మోచెయ్యి ఆమె ఒంటి కింద పడి ఫెళ్లుమంది. చెక్క విరిగిందనుకున్నాను. చెక్క కాదు.

వెనక వరుసల్లో ఈలలు మోగిపోయాయి. అంత చప్పట్లు మాకెప్పుడూ రాలేదు. పడవలవాళ్లలో ఒక పెద్దాయన మాత్రం లేచి, "ఆపండర్రా, చెయ్యి పోయింది. కనబడట్లేదా మీకు?" అని కేకేశాడు. చాపల మీది ఆడవాళ్లు నలుగురైదుగురు స్టేజీ ఎక్కేశారు. అందులో మా అమ్మ ఒకతె. ఆమె సువర్ణ తల ఒళ్లో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

పక్కకు వచ్చి నిలబడ్డ నా దగ్గరకు రామలింగంగారు వచ్చారు. కళ్లు మెరుస్తున్నాయి. చేతులు జోడించారు.

"ఇవాళ చూసేనండీ" అన్నారు.

తెలియలేదని చెప్పిన నెలలు

జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎముక అతికింది గానీ సువర్ణ కుడి మోచెయ్యి మళ్లీ పూర్తిగా వంగలేదు. ఆమె ముక్తేశ్వరం వెళ్లిపోయింది.

నరసింహంగారు ఆసుపత్రి వరండాలో ఏడ్చారు. ఆ ఏడుపు నిజమే. వారం తిరక్కుండానే కొత్త అమ్మాయి పద్మను తెచ్చి, "ఆ ఊపు పోకుండా చెయ్యాలమ్మా" అన్నారు. అదీ నిజమే. యజమానుల్లో పూర్తి చెడ్డవారిని నేను చూడలేదు. భయపడ్డ యజమానిని చూశాను. అతనితోనే జాగ్రత్తగా ఉండాలి.

అందరూ నన్ను ఒకే మాట అడిగారు. సైగ చేసుకుంటారు కదా, చెయ్యలేదా అని. "చేసిందేమో, ఆ గొడవలో నాకు తెలియలేదు" అన్నాను. అందరూ నమ్మారు. పాపం అని నన్నే ఓదార్చారు. కొత్తపేట పండితులుగారు కూడా "పొరపాటు మానవ సహజము" అని కార్డు రాశారు. ఐదు నెలలు అదే చెప్పాను. చెప్పిన కొద్దీ నాకు పడటం చేతకాకుండా పోయింది. పద్మ భయం కొద్దీ రిహార్సల్లో ఒకరోజు నా మణికట్టు రెండుసార్లు నొక్కింది. చేతులు వదిలేసి కూలబడిపోయాను.

మర్నాడు బస్సెక్కి ముక్తేశ్వరం వెళ్లాను. సువర్ణ అరుగు మీద కత్తిపీట ముందు కూర్చుని ఎడం చేత్తో బెండకాయలు తరుగుతోంది.

"రా" అంది. కూర్చోమనలేదు.

"నువ్వు పడేస్తే పడటం తప్ప నాకేం రాదన్నావా?" అని అడిగాను. ఐదు నెలలు ఆలస్యంగా.

ఆమె కత్తిపీట మీంచి చెయ్యి తీసింది. "ఎవరన్నారు నీతో? నాతో ఆయన వేరేలా చెప్పేరు. సొంతూళ్లో గెలవాలని కరుణ మొండికేసింది, చెప్పినా వినట్లేదు, నువ్వు మాత్రం ఎప్పటిలాగే పడెయ్యి అన్నారు. నీకింత తలపొగరెప్పుడొచ్చిందా అని నేనూ కోపంగానే ఉన్నాను. అద్దం ముందు నీతో మాట్లాడలేదు, అందుకే."

నరసింహంగారిని తిట్టడం తేలిక. తిట్టుకుని, ఏడ్చుకుని, తప్పంతా ఆయన మీద పెట్టేసి నేను బస్సెక్కేయొచ్చు. సువర్ణ అలా వదల్లేదు.

"రెండుసార్లు నొక్కేను. నీకు తెలిసిందా, లేదా?"

తెలియలేదు అన్న మాట నాలిక మీదే ఉంది, అలవాటైపోయింది కదా.

"తెలిసింది" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది.

"నాకు తెలుసు. నీ చెయ్యి ఒకసారి వదులైంది. తెలియలేదని చెప్పుంటే ఇలాగే బస్సెక్కించేద్దును."

"క్షమించక్కా."

"దానికి టైము పడతాది" అంది. మళ్లీ కత్తిపీట దగ్గరకు జరిగింది. "నేనింక ఆడలేను. కానీ వస్తాను. హార్మోనియం పక్కన కూర్చుంటాను. ఎవరు ఆడినా సరే, నేను ఆగు అంటే ఆగాలి. జనం కుర్చీలు విరగ్గొట్టినా, ఓనరుగారు కాళ్లు పట్టుకున్నా ఆగాలి. ఒప్పుకుంటారా?"

నరసింహంగారు మొదట ఒప్పుకోలేదు. కంపెనీలోని ఆడవాళ్లందరి ముందూ ఆయన మా ఇద్దరితో చెప్పిన రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చెప్పాను. నేను నెట్టిన సంగతి కూడా చెప్పాను. సువర్ణ కూర్చోకపోతే మేమెవరం స్టేజీ ఎక్కం అన్నారు ఆడవాళ్లు. ఆయన తల దించుకుని "ఆయ్" అన్నారు.

ఆగు

సువర్ణ వచ్చాక కొట్లాట మళ్లీ మెల్లగా నిలబడింది. రామలింగంగారు ఒకసారి వచ్చి, సగంలో లేచి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆయన ఒక్క కుర్చీ ఖాళీ అయితే కంపెనీ మునిగిపోలేదు. పండితులుగారు వచ్చారు, ఓడలరేవు వాళ్లు వచ్చారు, చాపలు నిండాయి.

అలా ఏడాది గడిచింది. మళ్లీ రాజోలు తిరునాళ్లు. పద్మ అప్పటికి గట్టిపడింది. ఆ రోజు మా ఇద్దరికీ గొప్పగా కుదిరింది. తిట్టుకి తిట్టు, పట్టుకి పట్టు. పడవలవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పద్మ తల మీద నా పిడికిలి ఖాళీగా, తేలిగ్గా ఉంది. ఆమె నా మణికట్టు ఒకసారి నొక్కింది. ఇంకొక్క నిమిషంలో నూతిగట్టు. డేరా మొత్తం మా చేతిలో ఉంది.

"ఆగు."

సువర్ణ గొంతు. పెద్దగా కూడా కాదు.

రెండు చేతులూ వదిలేశాను. రెండడుగులు వెనక్కి వేశాను. డేరాలో గోల మొదలైంది. ఎవరో కొబ్బరి డొక్క విసిరారు. పద్మ బిత్తరపోయి నిలబడింది. నేనామెను పైనుంచి కింద దాకా చూశాను. రక్తం లేదు, గాజు పగల్లేదు, చీర సరిగ్గానే ఉంది. ఏమీ అర్థం కాలేదు. అయినా కదల్లేదు. జనం అరుస్తూనే ఉన్నారు. చివరికి అత్తగారి వేషం వేసిన ఆవిడ ముందే వచ్చేసి, ఏవో నాలుగు మాటలు కల్పించి అంకం ముగించింది.

తెర పడగానే పరిగెత్తాను.

"ఏమైందక్కా? ఎవరికి తగిలింది?"

"ఎవరికీ తగల్లేదు."

"మరి?"

"ఆగుతావో లేదో చూద్దామని" అంది సువర్ణ.

నాకు కోపం రావలసింది. రాలేదు. ఆమె లేచి వెళ్లి అద్దం ముందు కూర్చుంది. ఉక్కకు ఆమె ముడి జారిపోయి మెడ మీద పడింది. ఆ కుడి చెయ్యి తల దాకా వెళ్లదు. ఆమె తిరిగొచ్చిన దగ్గర నుంచీ ఆమె జుట్టు పద్మే దువ్వేది, నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు.

ఆ రోజు దువ్వెన తీసి నా చేతిలో పెట్టి, నాకు వీపు తిప్పి కూర్చుంది.